బావమరిది పట్టే తాడు

అనగనగా ఒక కొండ. కొండ నిండా అడివి, అడివి నడుమ ఒక గూడెం. గూడెమంటే ఏముందీ, కాసిని గడ్డి గుడిసెలు, నాలుగు కుక్కలు, బోలెడంత గాలి. ఇటు జరుగు పండూ, ఆ దుప్పటి తన్నకు. కుదురుగా పడుకుంటేనే ఈ కథ చెబుతాను. ఎందుకంటావా, ఇది కుదురన్నది లేని మనిషి కథ. వాడికీ నీకూ కలిపి నేను వేగలేను.

ఆ గూడెం వాళ్ళు తేనె తీసి బతికేవాళ్ళు. మన పెరట్లో దానిమ్మచెట్టుకి పడుతుందే, ఆ తేనె కాదు. కొండ చరియలకి, కిందకి చూస్తే కళ్ళు తిరిగే చోట, చేటలంతేసి తేనెపట్లు వేలాడుతుంటాయి. అవి తియ్యాలంటే ముందు కొండ పైకెక్కాలి. అక్కడ నారతో పేనిన తాడొకటి చెట్టుకి కట్టి కిందకి వదలాలి. అప్పుడు ఆ తాడు పట్టుకుని మనిషి దిగాలి. నడుముకి సొరకాయ బుర్ర, చేతిలో కత్తి, చుట్టూ ఈగలు, కాలి కింద ఏమీ ఉండదు.

మరి పైన తాడు దగ్గర ఎవరుంటారు? అడిగావు చూడు, నువ్వే నా మనవరాలివి. ముడి జారకుండా, తాడు ఒరుసుకోకుండా కాచుకుంటూ ముడి దగ్గర ఒకే ఒక్క మనిషి కూర్చుంటాడు. ఎవరు పడితే వాళ్ళు కూర్చోకూడదు. దిగేవాడి పెళ్ళాం తోడబుట్టినవాడే కూర్చోవాలి. సొంత అన్నదమ్ముల్ని కూడా దగ్గరికి రానివ్వరు. అన్నదమ్ములన్నాక పంతాలుంటాయి, పంపకాలుంటాయి, ఏ వేళకి ఏ బుద్ధి పుడుతుందో ఎవరు చూడొచ్చారు. బావమరిదికైతే అక్క పసుపుకుంకాలు ఆ ముడిలోనే ఉంటాయి. ప్రాణం పోయినా వదలడు. అదీ వాళ్ళ లెక్క. మీ తాతయ్యకి మా తమ్ముళ్ళని చూస్తే ఒళ్ళుమంట గానీ, ఆ గూడెంలో పుట్టుంటే వాళ్ళని నెత్తిన పెట్టుకుని ఊరేగేవాడు.

ఆ గూడెంలో బయన్న అని ఒకడుండేవాడు. తాడు మీద దిగడంలో వాడిని మించినవాడు లేడు. వాడు దిగుతుంటే గూడెమంతా కింద లోయలో నిలబడి చూసేది. వాడి పెళ్ళాం పేరు ఈదమ్మ. ఈదమ్మకో తమ్ముడు, గురవడు. తల్లి చిన్నప్పుడే పోతే వాణ్ణి చంకనేసుకుని పెంచింది ఈదమ్మే. బయన్న దిగినప్పుడల్లా ముడి దగ్గర కూర్చునేది ఈ గురవడే. మాట తక్కువ మనిషి. కళ్ళు మాత్రం తాడు మీంచి కదిలేవి కావు.

గూడేనికి పెద్ద, పెద్దులు తాత. ఏ చరియ ఎప్పుడు దిగాలో ఆయన చెప్పాలి. ఏటా తీసిన మొదటి తేనె బుర్ర ఆయన చేతికే ఇవ్వాలి. అప్పుడు పిల్లలందరూ వరసగా వచ్చి నాలుకలు చాపితే ఆయన తలా ఒక చుక్క వేస్తాడు. ఆ తర్వాతే మిగతావాళ్ళు తేనె ముట్టాలి. ఆయన పెద్దరికమంతా అంతే. పట్టు బట్టలూ లేవు, పల్లకీలూ లేవు.

అట్లా ఉండగా ఒకనాడు, ఉప్పూ బియ్యం తెచ్చి తేనె పట్టుకెళ్ళే వర్తకుడు కింది ఊరి నుంచి వచ్చాడు. మూట సర్దుకుంటూ సర్దుకుంటూ, "ఏం బయన్నా, కొండంతా నీ రెక్కల మీద బతుకుతా ఉంటే మొదటి బుర్ర ఆ ముసలాయనకా?" అన్నాడు. అని, గాడిదని తోలుకుని పోయాడు. దారి మలుపు తిరిగేసరికి ఆ మాట వాడికే గుర్తుండి ఉండదు.

బయన్నకి మాత్రం చెవిలో చీమ దూరినట్టయింది. కూర్చుంటే లేవాలనిపించింది, లేస్తే ఎక్కడికి పోవాలో తెలియలేదు. అన్నం సగంలో వదిలేసి చరియ అంచుకి వెళ్ళి నిలబడేవాడు. అక్కణ్ణించి గూడెం అరచేతిలో పట్టేంత కనిపించేది. "ఇదంతా నా మాట మీద నడిస్తే ఎట్లుంటాది" అనుకునేవాడు. అట్లా అనుకోవడంలో తప్పేముందిలే అని నువ్వంటావు. నేనూ అంటాను. అక్కడితో ఆగితే ఈ కథే లేదు.

ఆ కొండకి మూడు చరియలు. పిల్లరాయి, కోతిరాయి, గద్దరాయి.

మొదట పిల్లరాయి సంగతి చెబుతాను. పట్టు కోసేటప్పుడు ఈగల పిల్లలుండే పక్క వదిలెయ్యాలి. తేనె ఉన్న పక్కే కొయ్యాలి. బయన్న ఆ యేడు మొత్తం కోసేశాడు. రెండు బుర్రలు నింపాల్సిన చోట నాలుగు నింపాడు. పైకి రాగానే గురవడు బుర్రల్లోకి చూసి, "పిల్లల పక్క వదిలిపెట్టాల గదా బావా" అన్నాడు.

"తాడు పట్టేవాడివి తాడు పట్టు" అన్నాడు బయన్న.

గూడెం అదేమీ చూడలేదు. ఇంత తేనె ఎప్పుడూ రాలేదని సంబరపడింది. ఆడవాళ్ళు వాడి పేరు పెట్టి పాట కూడా కట్టారు. మళ్ళీ పూత వచ్చేసరికి పిల్లరాయి మీద ఒక్క ఈగ వాలలేదు. "ఇంకా రెండు రాళ్ళున్నాయి గదా" అన్నాడు బయన్న, అడగనివాళ్ళకి కూడా.

అప్పుడు పెద్దులు తాత అందరినీ పిలిచాడు. "నాకు చూపు ఆనడం లేదు. పెద్దరికం ఇంకొకరు మొయ్యాల" అన్నాడు. బయన్న గుండె ఎట్లా కొట్టుకుందో పక్కవాళ్ళకి వినబడే ఉంటుంది. తలపాగా సర్దుకున్నాడు కూడాను, పాపం. తాత తడుముకుంటూ లేచి, వచ్చి, బయన్న పక్కనే ఉన్న గురవడి భుజం మీద చెయ్యి వేశాడు.

"దిగేది నేను, పెద్దరికం వీడికా?" అన్నాడు బయన్న.

"నువ్వు దిగితే తేనె కోసం చూస్తావురా. వాడు కూర్చుంటే నీ కోసం చూస్తాడు. గూడేనికి అట్లాంటివాడు కావాల" అన్నాడు తాత. నవ్వుతూనే అన్నాడు. బయన్న మంచివాడనే ఆయన నమ్మకం. ఆ మంచితనం నిజంగా ఉండేది పండూ, లేకపోతే నాకీ కథ చెప్పడానికి ఇంత కష్టంగా ఉండదు.

ఆ తర్వాత కోతిరాయి. పూత ముదిరింది. బయన్న దిగాడు, ఎప్పటిలాగే గురవడు ముడి దగ్గర కూర్చున్నాడు. పని అయింది. బయన్న పైకి వచ్చాడు. నిండిన బుర్రలు భుజానికెత్తుకుని గురవడు నాలుగడుగులు ముందు నడిచి చెట్ల చాటయ్యాడు. వెనకాల బయన్న ఒక్కడే మిగిలాడు. చేతిలో తేనె కోసిన కత్తి ఉంది, ఎదురుగా తాడుంది. మోకాళ్ళ మీద కూర్చుని, ముడికి కాస్త కిందుగా, తాడు పేటల్ని ఒకటొకటిగా కోశాడు. అంతా తెగలేదు, సగం తెగింది. అప్పుడు కొండ దద్దరిల్లేలా అరిచాడు.

గూడెమంతా ఎక్కి వచ్చింది. "నేను కింద వేలాడతా ఉంటే వీడు పైన తాడు కోసినాడు. రేపు పెద్దరికానికి అడ్డమొస్తానని నన్ను చంపబోయినాడు" అన్నాడు బయన్న, తెగిన పేటలు చూపిస్తూ.

నమ్మారా అంటావా? నమ్మారు. ఆ గూడెంలో కోడి గురించి అబద్ధాలు చెప్పుకుంటారు, కల్లు గురించి చెప్పుకుంటారు. తాడు గురించి అబద్ధం చెప్పొచ్చని వాళ్ళకి తోచనైనా తోచలేదు. తాతల నాటి నుంచి ఎవరూ చెప్పలేదు మరి. అందుకని నమ్మారు.

గురవడు అందరి మొహాలూ చూశాడు. చివరికి ఈదమ్మ వైపు తిరిగి, "నేను చెయ్యలేదక్కా" అన్నాడు. అంతే అన్నాడు. తాడు దగ్గర తప్పు చేసినవాడికి ఆ కొండ మీద చోటు లేదు. కట్టుబట్టతో అవతలి కొండకి నడిచి వెళ్ళిపోయాడు. ఈదమ్మ వాడు కనుమరుగయ్యేదాకా నిలబడింది. ఇంటికి వచ్చాక మొగుణ్ణి అడిగింది, "నా మొహం చూసి చెప్పు. నా తమ్ముడు తాడు కోసినాడా?"

"కోసినాడు" అన్నాడు బయన్న, పొయ్యిలో మంట చూస్తూ.

ఆమె నూక దంచడానికి వెళ్ళిపోయింది.

పెద్దులు తాత ఆ దిగులుతో మంచం పట్టాడు. ఇంకెవరున్నారని, పెద్దరికం బయన్నకే వచ్చింది. కోరుకున్నది కోరుకున్నట్టు వచ్చింది. మొదటి బుర్ర వాడి చేతిలో పెట్టారు. పిల్లలు వరసలో నిలబడి నాలుకలు చాపారు. బయన్న తేనె చుక్క వేస్తూ పిల్లల్ని చూడలేదు, వాళ్ళ తలల మీంచి పెద్దవాళ్ళ మొహాలు చూశాడు. ఎవరు నవ్వుతున్నారు, ఎవరు గుసగుసలాడుతున్నారు అని. చూస్తూ చూస్తూ ఒక పిల్ల ముక్కు మీద పోశాడు. నువ్వు నవ్వావు గానీ ఆ రోజు ఎవరూ నవ్వలేదు.

ఇక అప్పటి నుంచి వాడికి కునుకు లేదు. తినేటప్పుడు తలుపు వైపు చూసేవాడు. ఇద్దరు కలిసి మాట్లాడుకుంటుంటే మధ్యకి వెళ్ళి నిలబడేవాడు. గుడిసె చుట్టూ తిరిగీ తిరిగీ అక్కడ గడ్డి మొలవడం మానేసింది. ఈదమ్మ గంజి పోసి పెడితే అది చల్లారి తొరక కట్టేది. "ఒకచోట కూచోవయ్యా" అని ఆమె బతిమాలేది. కూర్చునేవాడు. మళ్ళీ లేచేవాడు.

వాడి సంగతి అట్లా ఉంటే గూడెం సంగతి ఇంకోలా తయారైంది. ఎంత నమ్మిన బావమరిదైనా తాడు కొయ్యొచ్చన్నమాట, అని ఒకసారి మనసులో పడ్డాక పోతుందా? తాడు మీద దిగినవాడు పని మానేసి పైకి చూడటం మొదలుపెట్టాడు. పైనున్నవాడికి అది మనసుకి గుచ్చుకుంది. "నా వైపు ఎందుకట్లా చూసినావు?" "నువ్వెందుకు చెయ్యి తీసినావు?" ఇట్లా మాటా మాటా పెరిగింది. పెళ్ళాలు ఇటు మొగుడికీ అటు తమ్ముడికీ సర్దిచెప్పలేక ఏడ్చారు. ఆ తర్వాత ఒకడు దిగనన్నాడు. ఇంకొకడు పట్టనన్నాడు. చివరికి తాళ్ళన్నీ చుట్టలు చుట్టి గుడిసె చూరులకి తగిలించారు.

తేనె లేకపోతే ఉప్పు లేదు, బియ్యం లేదు. ఎన్నాళ్ళని దుంపలు తవ్వుకు తింటారు? బయన్న తమ్ముడు లింగడు ఒకరోజు అందరిముందూ అడిగాడు. "అన్నా, గూడెం పెద్దవు నువ్వు. నువ్వు దిగి చూపిస్తే మిగతావాళ్ళకి ధైర్యం వస్తాది."

దిగనంటే పెద్దరికం ఆ పూటతో సరి. అది బయన్నకి తెలుసు. పిల్లరాయి బోసిపోయింది. కోతిరాయి పేరెత్తితే వాడికి చెమటలు పట్టేవి. ఇక మిగిలింది గద్దరాయి. అన్నిటికన్నా ఎత్తు. అంతదాకా ఎవరూ దిగనిది. "గద్దరాయి దిగుతా" అన్నాడు, గట్టిగా.

మరి తాడెవరు పట్టాలి? ఉన్న ఒక్క బావమరిదినీ తనే తరిమేశాడు కదా.

"నేను పడతా" అన్నాడు లింగడు. వీడికి నా చోటు మీద కన్ను, అనుకుని బయన్న వద్దన్నాడు. "నేను పడతా" అన్నాడు పెద్దులు తాత కొడుకు. వీడికి తండ్రి మంచం పట్టిన కోపం ఉంది, అనుకుని వాణ్ణీ వద్దన్నాడు. అప్పుడు ఈదమ్మ లేచింది.

"నేను పడతా" అంది.

"ఆడది తాడు పట్టడం ఎక్కడన్నా ఉందా?" అన్నారు జనం.

"నా తమ్ముడి చేతులు నా చేతుల్లోనే పెరిగినాయి. వాడు లేనప్పుడు నేనే పట్టాల" అంది ఆమె.

బయన్న కాదనలేకపోయాడు. ఈమెకి పెద్దరికం మీద ఆశ లేదు కదా, అని తనకి తనే చెప్పుకున్నాడు. పొద్దెక్కాక ఇద్దరూ గద్దరాయి పైకెక్కారు. గూడెమంతా కింద లోయలో నిలబడింది. తాడు చెట్టుకి కట్టి, ఈదమ్మ ముడి దగ్గర కూర్చుంది. "భద్రం" అంది. బయన్న ఆమె మొహం చూడకుండానే దిగాడు.

ఎన్నాళ్ళకో మళ్ళీ గాల్లో వేలాడేసరికి వాడికి పాత బయన్న గుర్తొచ్చాడు. ఎంత హాయిగా ఉండేది ఒకప్పుడు! పట్టు దగ్గరికి చేరాడు. అంత పట్టు జన్మలో చూడలేదు. పొగ పెట్టాడు, కత్తి తీశాడు. ఈగలు హోరుమని లేచాయి. ఈసారి పిల్లల పక్క వదిలేశాడు. అవును పండూ, వదిలేశాడు. వాడిలో ఆ మాత్రం మిగిలే ఉంది. మొదటి బుర్ర నిండింది.

సరిగ్గా అప్పుడు పైన ఈదమ్మకి ఒకటి కనిపించింది. చరియ అంచున రాయి కత్తిలా మొనదేలి ఉంది. తాడు దానికి ఒరుసుకుని పైపేట లేస్తోంది. ఆమె పైట కొంగు చించి మడత పెట్టింది. తాడుని భుజంతో పైకెత్తి ఆ గుడ్డ కింద పెట్టబోయింది. అంత మనిషి బరువు వేలాడుతున్న తాడు, ఊరికే లేస్తుందా? ఒక కుదుపు కుదిపింది.

కింద బయన్న ఆగిపోయాడు.

ఇంకెవరైనా అయితే, పైన సర్దుతోంది కాబోలు అనుకుంటారు. బయన్న అట్లా అనుకోలేడు. తాడు దగ్గర కత్తితో కూర్చున్న మనిషిని వాడు చూశాడు మరి. ఆ మనిషి తనే. ఈదమ్మకి అంతా తెలిసిపోయిందనుకున్నాడు. తమ్ముడి కోసం ముడి విప్పి తాడు వదిలేస్తోందనుకున్నాడు.

"ఈదీ!" అని అరిచాడు. "నీ తమ్ముడు ఏ పాపం ఎరగడే! తాడు కోసింది నేనే! నన్ను వదలొద్దే!"

ఈదమ్మకి ప్రతి మాటా వినబడింది. తన చేతుల్లో పెరిగిన తమ్ముడు, కట్టుబట్టతో కొండ దిగిపోయిన తమ్ముడు, కళ్ళముందు నిలబడ్డాడు. చేతిలో ఏమో తాడుంది. కాసేపు ఆమె చేతులు ఆగిపోయాయి. ఆగవా మరి?

అప్పుడేం చేసిందో తెలుసా? గుడ్డ అక్కడే పారేసి, తాడుని తన నడుముకి రెండు చుట్లు చుట్టుకుంది. కాళ్ళు చెట్టు మొదలుకి తన్నిపెట్టి, బలమంతా పెట్టి వెనక్కి వాలింది. "వదల్లేదయ్యా! పట్టుకోనే ఉన్నా!" అని అరిచింది. ఆ ఈగల హోరులో ఆ మాట కిందదాకా పోలేదు. కిందదాకా పోయింది, ఆమె బిగించినప్పటి కుదుపు ఒక్కటే.

రెండో కుదుపు తగలగానే అయిపోయిందనుకున్నాడు బయన్న. పక్కనే చరియలో చిన్న అరుగులాంటి రాయి కనిపించింది. తాడు ఎటూ పోయేదే, ఆ రాయి దొరికితే బతుకుతాననుకున్నాడు. తాడు వదిలి దూకాడు.

అందలేదు.

లోయలో ఉన్న గూడెమంతా చూసింది. తాడు తెగలేదు, ముడి వీడలేదు. మనిషే వదిలేశాడు.

చచ్చిపోయాడా అంటే, చచ్చిపోయాడమ్మా. బతికాడని అబద్ధం చెప్పి నిన్ను నిద్రపుచ్చడం నాకు చేతకాదు. వాడి మీద నాకు కోపమే, ఎప్పుడూ కోపమే. అయినా ఇక్కడికి వచ్చేసరికి ప్రతిసారీ కాస్త ఆగాల్సొస్తుంది. ఏదీ, ఆ మంచినీళ్ళు ఇటు అందుకో.

ఈదమ్మ కొండ దిగి వచ్చింది. అరచేతుల తోలు లేచిపోయింది, నడుము చుట్టూ తాడు కోసిన గీతలున్నాయి. మొగుడి పక్కన కూర్చుని ఏడ్చింది. ఏడ్చి, లేచి, వాడు చివరికి అరిచిన మాటలు ఉన్నవి ఉన్నట్టు గూడేనికంతా చెప్పింది. పోయినవాడి పరువు తీస్తావా అని ఎవరో గొణిగారు. "ఉన్నవాడి పరువు నిలబెట్టాల గదా" అని, అటు నుంచి అటే అవతలి కొండకి నడిచింది.

గురవడు అక్కని చూడగానే పరిగెత్తుకొచ్చాడు. సంగతి విని బావ కోసం వెక్కి వెక్కి ఏడ్చాడు. తనని తరిమేసినవాడి కోసం అట్లా ఏడుస్తాడని నేననుకోలేదు. ఆ తర్వాత ఇద్దరూ తిరుగు దారి పట్టారు. చాలా దూరం వచ్చాక గురవడు అడిగాడు.

"అక్కా, ఆ మాట విన్నాక కూడా ఎట్లా పట్టుకున్నావే?"

ఈదమ్మ ఇంకాస్త నడిచింది.

"బతికుంటే ఇంటికి తీసుకపోయి తిట్టేదాన్నిరా" అంది. "కడుపునిండా తిట్టేదాన్ని. నీ కాళ్ళు పట్టించేదాన్ని. పైకి వస్తే గదా తిట్టేది. అందుకే పట్టుకున్నా. పట్టుకుంటానని ఆయనకే తెలియలేదు."

నిద్ర వస్తోందా? రానీ. చెయ్యి ఇటివ్వు, నేను పట్టుకునే ఉంటాలే.

తీగేమో చెట్టుకి, ఈగేమో పట్టుకి,
గురవడు గూడేనికి, ఈదమ్మ గూటికి,
కథ పోయె కంచికి, కునుకు మన మంచానికి.